కిటికీ వైపు చెంప

బ్రేకక్క దగ్గర నేను రెండుసార్లు డ్రైవింగ్ నేర్చుకున్నాను. మొదటిసారి రాలేదు కాబట్టి రెండోసారి. ఆవిడ పక్కన నేను కూర్చున్నన్ని గంటలు ఆవిడ శిష్యుల్లో ఇంకెవరూ కూర్చుని ఉండరు. అయినా ఆవిడ ముఖంలో సగం నేనెప్పుడూ చూడలేదన్న సంగతి నా నలభై ఒకటో ఏట, ఒక మంగళవారం పొద్దున తెలిసింది.

ముందు ఆ పేరెలా వచ్చిందో చెప్పాలి. డ్రైవింగ్ స్కూలు కార్లలో నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. స్టీరింగు పట్టుకున్నది మనమే అయినా ప్రాణాలు వాళ్ళ కాలి కింద ఉంటాయి. ఇరవై మూడేళ్ళలో ఆ బ్రేకు తొక్కి ఆవిడ ఎన్ని గోడల్ని, ఎన్ని కుక్కల్ని, ఎన్ని కాపురాల్ని కాపాడిందో లెక్కలేదు. కాపురాలని ఎందుకంటున్నానంటే, మొగుడి దగ్గర డ్రైవింగ్ నేర్చుకోబోయి మాటలు మానేసిన ఆడవాళ్ళంతా చివరికి ఆవిడ దగ్గరికే వచ్చేవారు. ఆవిడ గొంతు పెంచేది కాదు. మనం చెయ్యకూడనిది చేసినప్పుడు కారు దానంతటది ఆగిపోయేది. పక్కకి తిరిగి చూస్తే ఆవిడ ఏమీ ఎరగనట్టు రోడ్డు వంక చూస్తూ, "ఊఁ, మళ్ళీ పోనీ" అనేది. అంతే.

అప్పటికి ఆవిడకి నలభై ఎనిమిదేళ్ళు. పొద్దున ఆరున్నరకి కారెక్కితే సాయంత్రం అయిదింటికి దిగేది. కూర్చునేది ఎప్పుడూ ఎడమ సీట్లోనే. కిటికీ అద్దం సగం దించి, మోచెయ్యి దాని మీద ఆనించి కూర్చోవడం అలవాటు. ముఖం గురించి ఆవిడకి ఏ బెంగా ఉండేది కాదు. చిన్నప్పుడు మొటిమలు రాలేదు, పెద్దయ్యాక పగుళ్ళు రాలేదు. సబ్బూ నీళ్ళూ తప్ప ఇంకేదీ ఎరగని ముఖం. ఎవరైనా క్రీముల మాటెత్తితే, "నా చర్మానికి ఏ రోగమూ లేదమ్మా, దాన్ని దాని మానాన వదిలేశాను, అది నన్ను నా మానాన వదిలేసింది" అని నవ్వేసేది.

ఆ మంగళవారం నాడు ఆవిడ తన శిక్షకురాలి లైసెన్సు పునరుద్ధరణకి ఫొటో కావాలని, మా క్లాసుకి ముందు, మూలమలుపు దగ్గరున్న ఫొటో స్టూడియోకి వెళ్ళింది. స్టూడియో అంటే ఒక ఇరుకు గది, ఒక తెల్ల తెర, అటొకటి ఇటొకటి రెండు దీపాలు, మధ్యలో గుండ్రటి స్టూలు. ఫొటోగ్రాఫరు అరవై దాటిన మనిషి, పనిలో మహా పట్టింపు ఉన్నవాడు. ఒక ఫొటో తీశాడు. కంప్యూటరులో చూసి పెదవి విరిచాడు. లెన్సు తుడిచి ఇంకొకటి తీశాడు.

"మేడమ్, ఎడమ వైపు లైటు సరిగ్గా పడట్లేదు, ఒక్క నిమిషం" అన్నాడు.

ఎడమ దీపం దగ్గరికి జరిపాడు. మళ్ళీ తీశాడు. ఆ తర్వాత ఎడమ దీపాన్ని కుడి వైపుకీ, కుడి దీపాన్ని ఎడమ వైపుకీ మార్చి తీశాడు. నాలుగోసారి కంప్యూటరు ముందు కూర్చున్నవాడు ఇంక లేవలేదు.

"ఏమైందండీ? నాకు క్లాసుంది" అందావిడ.

"లైటు కాదు మేడమ్" అన్నాడాయన మెల్లిగా. కంప్యూటరు తెర ఆవిడ వైపు తిప్పాడు. "ఏమీ అనుకోకపోతే ఒకటి చూపిస్తాను."

ఒక అట్టముక్క తీసుకుని తెర మీద ఆవిడ ముఖానికి ఎడమ సగం మూశాడు. కుడి సగం మిగిలింది. నున్నటి చెంప, కంటి కొసన రెండే రెండు సన్నటి గీతలు. నలభై కూడా నిండని మనిషి. తరవాత అట్టని ఇటు జరిపాడు.

ఈసారి తెర మీద ఉన్నది ఎవరో ముసలావిడ. కనురెప్ప కిందికి జారింది. చెంప మీద లోతుగా చాళ్ళు పడ్డాయి. వాటి మధ్య గోధుమరంగు మచ్చలు, చిన్నవీ పెద్దవీ, చిలకరించినట్టున్నాయి. చెంప ఎముక దగ్గర కందిగింజంత ఎర్రటి గరుకు మచ్చ ఒకటి, దాని మీద పొలుసు. బ్రేకక్క ముందుకి వంగి చూసింది. ఆ సగం ముఖంలో ఆవిడకి కనిపించింది ఎనిమిదేళ్ళ కింద పోయిన వాళ్ళ నాన్న.

"ఇది నాదేనా?" అని అడిగిందట. అడిగాక, ఎంత పిచ్చి ప్రశ్న వేశానో అని తనకే అనిపించిందట. ఆయన తల వంచుకుని కీబోర్డు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

అద్దంలో చూసుకోదా అని మీరడగొచ్చు. నేనూ అడిగాను. వాళ్ళ ఇంట్లో అద్దం ఒక్కటే, స్నానాల గదిలో, అరచేతికి కాస్త పెద్దది. దానికి కుడి పక్కన కిటికీ. వెలుతురు పడేది కుడి చెంప మీద. ఎడమ వైపు ఎప్పుడూ నీడే. "అద్దంలో తల దువ్వుకుంటాం గానీ, మొహం ఎవరు చూస్తారమ్మా?" అంది.

ఆ రోజు క్లాసుకి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. అప్పటికే నాకు ఆశ్చర్యం. వచ్చి తన సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకోలేదు. అది ఇంకా ఆశ్చర్యం. బెల్టు పెట్టుకోకుండా తాళం ముట్టుకుంటే చేతి మీద ఒక్కటిచ్చే మనిషి. నేను స్టీరింగు పట్టుకుని ఎదురుచూస్తున్నాను. అప్పుడావిడ భుజాలతో సహా నా వైపు పూర్తిగా తిరిగింది.

"ఇటు చూడు. ఏం కనిపిస్తోంది?"

కారు ఆగే ఉంది గానీ నా కాలు బ్రేకు మీదికి పోయింది. నేను నేర్చుకునేదాన్ని కాబట్టి కుడి సీట్లో కూర్చుంటాను, నాకు కనిపించేది ఆవిడ కుడి చెంప. నాకనే ఏముంది, ఇరవై మూడేళ్ళలో ఆవిడ దగ్గర నేర్చుకున్న వేలమందికీ అదే. ఇంతకాలం మాతో పాటు కార్లో కూర్చున్నది ఒకరు, రోడ్డు మీద పోయేవాళ్ళకి కనిపించింది ఇంకొకరు.

"అక్కా... ఇది..." అని ఆగిపోయాను.

"చాల్లే. అర్థమైంది" అని బెల్టు పెట్టుకుంది. "మొదటి గేరు వెయ్యి."

ఆ రోజు నేను వరసగా మూడుసార్లు బండి ఆపేసుకున్నాను.

బ్రేకక్క భర్త గడియారాలు బాగుచేస్తాడు. ఇంటి ముందు గదిలోనే ఆయన బల్ల. కంటికి బిగించుకునే నల్ల భూతద్దం, చిమటాలు, వెంట్రుక మందం స్ప్రింగులు. ఆడవాళ్ళ చేతి గడియారంలో దూరిన ధూళి కణాన్ని కూడా కనిపెట్టి బయటికి లాగే మనిషి. ఆవిడ వెళ్ళి ఆయన బల్ల ముందు కూర్చుని, ఎడమ చెంప దీపం కిందికి పెట్టింది.

"ఏమండీ, దీన్ని చూడండి."

ఆయన నవ్వుతూనే భూతద్దం బిగించుకున్నాడు. చూస్తూ చూస్తూ నవ్వు మానేశాడు. చాలాసేపు చూశాడు.

"ఎన్నాళ్ళయింది ఇది?"

"రెండేళ్ళు అయుంటుంది. గీరుకుంటే రాలిపోతుంది, మళ్ళీ వస్తుంది. కారు డోరు తగిలిందేమో అనుకున్నా."

ఆయన భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. ఇరవై అయిదేళ్ళ కాపురం. భోజనాల బల్ల ఎడమ అంచు గోడకి ఆనించి ఉంటుంది, కాబట్టి ఆయన కూర్చునేది ఎప్పుడూ ఆవిడకి కుడి పక్కనే. పడుకునేదీ కుడి పక్కనే. "గడియారం ఎవరైనా తెస్తే వెనక మూత కూడా విప్పి చూస్తాను కదే" అన్నాడు. ఆ పూట ఆయన ఇంక పని ముట్టుకోలేదు.

మర్నాడు ఆవిడ మందుల షాపుకి వెళ్ళింది. ఆ షాపు నడిపే అమ్మాయి కూడా ఆవిడ శిష్యురాలే. పరీక్ష రోజు లైసెన్సు ఆఫీసు గేటునే గుద్దిన ఘనురాలు.

"మచ్చలు పోయే క్రీమేదైనా ఇవ్వమ్మా, మంచిది చూసి" అంది బ్రేకక్క.

ఆ అమ్మాయి అరల్లోకి చెయ్యి చాపబోయి ఆగింది. కౌంటరు చుట్టూ తిరిగి బయటికి వచ్చింది. గడ్డం పట్టుకుని ముఖాన్ని గుమ్మం దగ్గర వెలుతురులోకి తిప్పింది. ఆ ఎర్రటి మచ్చని వేలి కొసతో తాకి చూసింది. గరుకు కాగితంలా తగిలింది.

"అక్కా, ఇది నేను క్రీము అమ్మే మచ్చ కాదు."

"అమ్మడానికి కూర్చుని అమ్మనంటావేమే?"

"గేటు గుద్దినప్పుడు మీరు పక్కన లేరు కాబట్టి గుద్దాను. ఇప్పుడు మీ పక్కన నేనున్నాను. ముందు చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఇవాళే. ఆ తర్వాత ఏ క్రీము కావాలన్నా ఇస్తాను" అని చీటీ మీద చిరునామా రాసి చేతిలో పెట్టింది. బ్రేకక్క ఏదో అనబోయింది. ఆ అమ్మాయి కళ్ళు చూసి చీటీ మడిచి పట్టుకుంది.

డాక్టరు తక్కువ మాట్లాడే మనిషి. చెంప దగ్గర మొద్దుబారే సూది ఇచ్చి, ఆ మచ్చని చుట్టూ కాస్త అంచుతో సహా కోసి తీసి, మూడు కుట్లు వేసి, ముక్కని పరీక్షకి పంపింది. తొమ్మిది రోజుల తర్వాత రమ్మంది. ఆ తొమ్మిది రోజులూ బ్రేకక్క చెంప మీద గాజుగుడ్డ అంటించుకుని క్లాసులు చెబుతూనే ఉంది. ఎవరైనా అడిగితే, "దోమ కుట్టింది, కాస్త పెద్ద దోమ" అనేది.

తొమ్మిదో రోజు భర్తతో కలిసి వెళ్ళింది. డాక్టరు కాగితం చూసి, "క్యాన్సరు" అంది. వెంటనే, "మొదటి మెట్టు మీదే ఉంది. మొత్తం తీసేశాం. అంచుల్లో ఏమీ మిగల్లేదు. భయపడాల్సిన పని లేదు" అని కూడా అంది. కానీ మొదటి మాట విన్నాక తర్వాతి మాటలు ఆవిడకి చెవి దాకా వచ్చి ఆగిపోయాయి. డాక్టరు పెదాలు కదలడం కనిపిస్తోంది. గోడ మీద గడియారం రెండు నిమిషాలు వెనక ఉందని భర్త చూస్తున్నాడని తెలుస్తోంది. మాటలు మాత్రం లోపలికి రావట్లేదు. డాక్టరు మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.

"నేను ఎండలో తిరగనండీ" అంది బ్రేకక్క చివరికి. "కార్లో కూర్చుంటాను. అంతే."

"ఏ వైపు?"

ఆవిడ జవాబు చెప్పకుండా ఎడమ చెంప మీద చెయ్యి వేసుకుంది.

"కాల్చే ఎండ వేరు, కాల్చకుండా లోపలికి దిగే ఎండ వేరు" అంది డాక్టరు. "అద్దం దించితే రెండూ తగుల్తాయి. ఎత్తితే, మొదటిది చాలావరకు ఆగుతుంది. రెండోది పక్క అద్దంలోంచి చాలానే వచ్చేస్తుంది. చురుక్కుమనదు కాబట్టి మనకి తెలియదు. ఇరవై మూడేళ్ళు మీరు రోజుకి పది గంటలు సగం మొహం ఎండబెట్టుకున్నారు." తర్వాత కలం తీసుకుని అడిగింది. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటిది వచ్చిందా?"

"లేదండీ" అంది బ్రేకక్క.

మెట్లు దిగుతూ మధ్యలో నిలబడిపోయింది. భర్త రెండు మెట్లు కిందికి వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"ఏమైంది?"

"నాన్న" అంది.

వాళ్ళ నాన్న సిటీ బస్సు డ్రైవరు. ముప్ఫై ఒక్క ఏళ్ళు నడిపాడు. కుడి వైపు కిటికీ, తెరిచి ఉంచిన కిటికీ. ఆయన కుడి చెంప మీద, చెవికి కాస్త ముందు, ఎప్పుడూ ఒక పట్టీ ఉండేది. నాన్న ముఖం అంటే పట్టీతో ఉన్న ముఖమే అన్నంతగా ఇంట్లో అలవాటైపోయింది.

వాళ్ళమ్మకి అరవై ఏడేళ్ళు, వీళ్ళతోనే ఉంటుంది. ఇంటికి రాగానే బ్రేకక్క చెప్పులైనా విప్పకుండా ఆవిడ మంచం అంచున కూర్చుంది.

"అమ్మా, నాన్న చెంప మీద ఆ పట్టీ ఎందుకుండేది?"

"అదా? గడ్డం గీసుకుంటుంటే తెగేది. మానేది, మళ్ళీ తెగేది. ఆయన చెయ్యి మొరటు కదా. నేనే రోజూ కడిగి పట్టీ వేసేదాన్ని."

"ఎన్నాళ్ళు?"

"నాలుగేళ్ళు... అయిదేమో."

"బ్లేడు గాటు అయిదేళ్ళు ఉంటుందా అమ్మా?"

బ్రేకక్కకి ఒక్కొక్కటే గుర్తొస్తోంది. రిటైరైన ఏడాదికి మెడలో గడ్డ. చిన్న ఆస్పత్రిలో చూపించారు. ఇది ఇక్కడ పుట్టింది కాదు, ఇంకెక్కడి నుంచో వచ్చింది అన్నారు. గొంతులో వెతికారు, ఊపిరితిత్తుల్లో వెతికారు. ఎక్కడి నుంచి వచ్చిందో తేలకుండానే ఆయన పోయాడు.

"నర్సు అడిగింది" అంది వాళ్ళమ్మ ఉన్నట్టుండి. గొంతు మారిపోయింది. "చెంప మీద ఆ పట్టీ ఏంటమ్మా అని అడిగింది. గడ్డం గీసుకుంటే తెగిందని నేనే చెప్పాను. అమ్మాయ్, నేనే చెప్పానే."

బ్రేకక్క మంచం మీంచి లేచింది. ఆల్బంలోంచి నాన్న ఫొటో తీసి తన కొత్త లైసెన్సు ఫొటో పక్కన పెట్టి చూసుకుంది. ఆయన కుడి చెంప, ఈవిడ ఎడమ చెంప. గాయం చూపించుకోవడానికి మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ ఫొటో డాక్టరుకి చూపించింది. డాక్టరు చాలాసేపు చూసి, "ఫొటో చూసి అవునని చెప్పలేను. కాదనీ చెప్పలేను" అంది. ఆ ముక్కే ఆవిడకి అన్నిటికంటే గట్టిగా తగిలింది.

గాయం పూర్తిగా మానాక, రోజూ ముఖానికి ఎండ క్రీము రాసుకుని తీరాలని డాక్టరు గట్టిగా చెప్పింది. అయిదు వారాల తర్వాత నా క్లాసు సమయంలో, "బండి మందుల షాపుకి పోనీ, పార్కింగు నేర్చుకున్నట్టూ ఉంటుంది" అంది బ్రేకక్క. అందుకే ఆ ఎంపిక నా కళ్ళతో నేను చూశాను.

షాపు అమ్మాయి మొదట అడిగింది చర్మం రకం. "పొద్దున మొహం కడుక్కుని, ఏమీ రాయకుండా ఓ గంట ఉన్నాక ఎలా ఉంటుందక్కా? టిష్యూ కాగితం అద్దితే జిడ్డు అంటుకుంటుందా? లేకపోతే మొహం బిగుసుకుపోయినట్టుంటుందా?"

"రెండూ లేవు."

"అయితే మామూలు చర్మం."

బ్రేకక్క మచ్చ తీసిన చోట వేలు పెట్టి చూపించింది. "ఇంత జరిగాక కూడా మామూలేనా?"

"మామూలంటే జిడ్డూ కాదు, పొడీ కాదు అని. అంతవరకే. ఎండ దగ్గర మామూలు చర్మానికి మినహాయింపేమీ లేదక్కా. ఒక్కటే సుఖం, జిడ్డు తీసే జెల్లూ అక్కర్లేదు, బరువైన క్రీమూ అక్కర్లేదు. పల్చటి లోషన్ చాలు."

అని మూడు నమూనా ట్యూబులు కౌంటరు మీద పెట్టింది. మొదటిది ఖనిజం రకం. జింకు పొడి చర్మం మీద పొరలా పరుచుకుని ఎండని ఆపుతుందట. రెండోది రసాయనం రకం, ఎండని తనలోకి పీల్చుకుంటుంది. మూడోది హైబ్రిడ్.

ఆ మాట వినగానే బ్రేకక్క నిటారుగా నిలబడింది. "హైబ్రిడ్ నాకు చెబుతావేంటి? మా స్కూల్లో ఒక కారుంది. కాసేపు బ్యాటరీ, కాసేపు పెట్రోలు."

"ఇందులో కాసేపు కాసేపు ఉండదు. రెండూ ఒకేసారి పనిచేస్తాయి."

"అయితే మా కారు కంటే నయం."

ఆవిడకి మాటల మీద నమ్మకం లేదు. ఏ బండి అయినా నడిపి చూడందే మెచ్చుకోదు. అద్దం ముందు నిలబడి దవడ మీద మూడు చారలు గీయించుకుంది, పక్కపక్కన. గుమ్మం బయట వెలుతురులో చూస్తే మొదటి చార గోడకి సున్నం కొట్టినట్టు తెల్లగా, బూడిదగా నిలిచిపోయింది. రెండోది కనిపించనే లేదు. మూడోది కాస్త తెల్లగా కనిపించి, రుద్దితే చర్మంలో కలిసిపోయింది. "ఇప్పుడు ఒక గంట పోనీ" అని నన్ను కారెక్కించింది. ఈసారి ముఖమంతా పంచేసుకుంది. నుదుటికి రసాయనం రకం, ఎడమ చెంపకి హైబ్రిడ్, కుడి చెంపకి ఖనిజం. పదకొండు గంటల ఎండలో ఊరి చివరి వలయం రోడ్డు మీద నేను నడుపుతున్నాను. అద్దాలు ఎత్తి, చల్లటి గాలి ఆపించింది. ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి. నా కుడిచేతికి పట్టు తప్పుతోంది గానీ ఆవిడకి అదేం పట్టలేదు. నలభై నిమిషాలకి నుదుటి మీది చెమట కళ్ళలోకి దిగింది.

"అబ్బా, మంట! బండి పక్కకి ఆపు."

రుమాలుతో కళ్ళు తుడుచుకుంటూ, ఎర్రటి కళ్ళతో తీర్పు చెప్పింది. "నా పనికి కళ్ళే కావాలి. ఇది కుదరదు. సున్నం రాసుకుని వస్తే పిల్లలు దయ్యం అనుకుని గోడకి గుద్దుతారు. ఎడమ చెంప మీద ఏముందో నాకు తెలియట్లేదు. అదే కావాలి."

వెనక్కి వచ్చాక షాపు అమ్మాయి హైబ్రిడ్‌లోనే వాసన లేనిది తీసిచ్చింది. ట్యూబు మీద ఎస్‌పీఎఫ్ పక్కనున్న యాభై అన్న అంకె ప్రధానంగా కాల్చే ఎండకి కొలత అనీ, అద్దంలోంచి దిగే ఎండకి పీఏ అన్న అక్షరాల పక్కన ప్లస్సు గుర్తులు చూడాలనీ చూపించింది. "చూపుడు వేలూ మధ్య వేలూ నిడివి ఎంతో అంత. మొహానికీ మెడకీ. చెవులు మర్చిపోకండి. పగలు రెండు గంటలకోసారి మళ్ళీ."

"అంతా? దీన్ని నేను చిటికెడు రాసుకుందామనుకున్నానే!"

"బ్రేకు చిటికెడు తొక్కుతారా అక్కా?"

అప్పుడు మాత్రం ఆవిడ నవ్వింది. చాలా రోజుల తర్వాత.

ఆ నవ్వు ఆ వారం కూడా నిలవలేదు. శనివారం మధ్యాహ్నం, డ్రైవర్లు డ్యూటీలు మారే వేళకి, ఆవిడ నాన్న పనిచేసిన బస్సు డిపోకి వెళ్ళింది. నన్నూ రమ్మంది. బల్లల మీద కూర్చుని టీ తాగుతున్న పద్నాలుగుమంది డ్రైవర్లు. ఆవిడ వరసగా ఒక్కొక్కరి కుడి చెంప చూసుకుంటూ నడిచింది.

"ఏంటక్కా, అందగాడి కోసం వెతుకుతున్నావా?" అన్నాడొకడు. అందరూ నవ్వారు.

ఆవిడ తన ఎడమ చెంప వాళ్ళ వైపు తిప్పి, నాన్న ఫొటో బల్ల మీద పెట్టి, జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పింది. టీ గ్లాసులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఒకడు చెయ్యి కుడి చెంప మీదికి పోనిచ్చాడు. వాణ్ణి చూసి ఇంకొకడు. క్షణంలో పదమూడుమంది తమ చెంపలు తామే తడుముకుంటున్నారు. ముగ్గురికి గరుకు మచ్చలున్నాయి. ఒక్కతను మాత్రం చెయ్యి కదపలేదు. గుబురు గడ్డం ఉన్న మనిషి, నలభై అయిదు ఉండొచ్చు, మాకు ఎడమ వైపే కనిపించేలా తిరిగి తిరిగి కూర్చుంటున్నాడు.

"గడ్డం ఎప్పటి నుంచి పెంచుతున్నావు తమ్ముడూ?" అంది బ్రేకక్క.

"ఏడాదిన్నర. సరదాకి."

ఆవిడ అడక్కుండానే చెయ్యి చాపింది. గడ్డం లోపల, దవడ మీద, రేగుగింజంత గట్టి పుండు వేలికి తగిలింది. వేలు వెనక్కి తీసుకుంటే కొసన రక్తం. అతను తల పక్కకి లాక్కుని లేచాడు. "గీసుకుంటే రక్తం కారుతోందని పెంచాను. దానికింత రాద్ధాంతమా? నాకు సెలవు దొరకదు" అని బస్సెక్కి పోయాడు. ఆవిడ అలాగే నిలబడిపోయింది. పక్కన కూర్చుని బ్రేకు తొక్కలేని బండి వెళ్ళిపోతుంటే చూస్తూ ఉండాల్సి రావడం ఆవిడకి అదే మొదటిసారి అనుకుంటాను.

ఇంటికి వెళ్ళి వాళ్ళమ్మతో చెప్పింది. ముసలావిడ ఆ అయిదు వారాలూ సరిగ్గా మాట్లాడలేదు, సరిగ్గా తినలేదు. విని అడిగింది.

"అతనికి పెళ్ళాం ఉందా?"

"ఉందట. డిపో వెనక సందులోనే ఇల్లని మిగతావాళ్ళు చెప్పారు."

"నన్ను తీసుకెళ్ళు."

మర్నాడు ఆదివారం పొద్దున ముగ్గురం వెళ్ళాం. కారు నేనే నడిపాను. రెండు గదుల ఇల్లు, తీగ మీద ఆరేసిన యూనిఫారాలు. తలుపు తీసింది అతని భార్య. గడ్డం డ్రైవరు లోపలి నుంచి మమ్మల్ని చూసి ముఖం మాడ్చుకుని పక్క గదిలోకి పోయాడు. బ్రేకక్క వాళ్ళమ్మ కుర్చీ కూడా అడక్కుండా గుమ్మంలోనే అతని భార్య చెయ్యి పట్టుకుంది.

"మీ ఆయన గడ్డం కింద పుండుంది కదమ్మా. దానికి మందు నువ్వే రాస్తున్నావు కదూ?"

ఆవిడ గతుక్కుమంది. "మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నేనూ రాశాను, అయిదేళ్ళు. రోజూ శుభ్రంగా కడిగి, పట్టీ వేసి, బాగా చూసుకుంటున్నాను అనుకున్నాను. ఎవరైనా అడిగితే గడ్డం గీసుకుంటే తెగిందని నేనే చెప్పేదాన్ని. నువ్వు అలా చెప్పకు తల్లీ."

ఆ డ్రైవరు భార్య ముసలావిడ చెయ్యి వదిలించుకోలేదు, అలాగే పట్టుకుని నిలబడింది. తర్వాత లోపలికి తిరిగి, తలుపు తీసినప్పుడు లేని గట్టి గొంతుతో, "ఏమండీ, చొక్కా వేసుకోండి. రేపు పొద్దున్నే కాదు, ఇప్పుడే. ఆదివారమైతే ఆస్పత్రిలో ఎవరూ ఉండరా?" అంది. రెండు నిమిషాల్లో అతను చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ బయటికి వచ్చాడు. ఎవరి ముఖం వంకా చూడలేదు.

అతనికి రెండు ఆపరేషన్లు అయ్యాయి. చెంపలోంచి కాస్త ఎక్కువే తీయాల్సి వచ్చింది, నవ్వితే ఇప్పుడు నోరు ఒక పక్కకే పోతుంది. మెడలోకి మాత్రం ఇంకా దిగలేదన్నారు. "ఇంకో ఆరు నెలలు ఆగుంటే..." అని డాక్టరు వాక్యం పూర్తి చెయ్యలేదట. మూడు నెలల తర్వాత గడ్డం లేకుండా డ్యూటీకి వస్తే డిపోలో సగంమంది కొత్త డ్రైవరనుకున్నారు. అతని బస్సులో ఇప్పుడు టిక్కెట్ల సంచీ పక్కన ఒక ట్యూబు ఉంటుంది. చివరి స్టాపులో, ప్రయాణికులు దిగిపోయాక, బస్సు అద్దంలో చూసుకుంటూ రెండు వేళ్ళ నిడివి కొలిచి రాసుకుంటాడు. చెవులు మర్చిపోతే భార్య ఒప్పుకోదట.